చూపుముద్ర

ఒక వస్తువు ఆయువు ఎవరి చేతిలో ఉంటుంది? చేసినవారి చేతిలోనా, వాడేవారి చేతిలోనా?

ఆ ఉదయం భోజనశాలలో కూర్చుని సుభాషిణి తనకు తానే ఈ ప్రశ్న వేసుకుంది. ఈలోగా పళ్ళెంలో ఉప్మా చల్లారిపోయింది.

ఎదురుగోడ మీద పెద్ద అంకెలు వెలుగుతున్నాయి. 41.03. ఎర్రకోనలో ఎవరు పళ్ళెం పట్టుకున్నా ముందు ఆ అంకె వైపు చూసి, తర్వాతే కూర వైపు చూస్తారు. అంగారకుడి మీద, ఒకప్పుడు లావా తొలిచి వదిలేసిన రెండు గుహల్లో నూట ఎనభై నలుగురు మనుషులు బతుకుతున్న ఊరు ఎర్రకోన. ఆ ఊరి గాలిని శుభ్రపరిచి, ఏ గదికి ఎంత పంపాలో నిర్ణయించే యంత్రం పేరు వాయుపాలకం. ఏ గోడ ఎప్పుడు చెమరుస్తుంది, ఏ గదిలో ఎవరు ఎంత బరువుగా ఊపిరి తీస్తారు అని ఎనిమిదేళ్ళుగా అది నేర్చుకున్నదంతా ఒక ఘనఫలకం మీద రాసి ఉంది. భూమి మీద సాలిడ్ స్టేట్ డ్రైవ్ అనేదాన్నే ఇక్కడి వికిరణానికి తట్టుకునేలా గట్టిపరచి పంపారు. ఆ ఫలకానికి నూటికి ఎంత ఆయువు మిగిలిందో చెప్పేదే గోడ మీది అంకె.

ఘనఫలకంలో తిరిగే చక్రం లేదు, కదిలే సూది లేదు. ఒక పలుచని పొర వెనక ఎలక్ట్రాన్లను బంధిస్తే అది రాత. వాటిని బయటికి లాగేస్తే అది చెరపడం. లాగిన ప్రతిసారీ పొర కొంచెం బలహీనపడుతుంది. చదివితే దానికి నష్టం లేనట్టే. రాతతోనే నష్టం. పైగా దానికొక మొండితనం ఉంది. ఒక్క అక్షరం దిద్దాలన్నా, ఆ అక్షరమున్న పలకనంతా తుడిచి, ఉన్నదంతా మళ్ళీ మొదటినుంచి రాసుకోవాలి. ఎర్రకోనకు అలాంటి ఫలకాలు రెండు వచ్చాయి గాని, ఒకటి చెడితే రెండోది ఆదుకోవాలని, ఒకదాని మీద రాసిందే ఆ క్షణంలోనే రెండోదాని మీదా రాసేలా ఏర్పాటు చేశారు. కవలలు ఒకేలా పెరిగారు, ఒకేలా ముసలివాళ్ళవుతున్నారు.

తయారుచేసినవారు అరవై ఏళ్ళ హామీ ఇచ్చారు. ఎనిమిదేళ్ళకే సగానికి పైగా అరిగింది. ఈ లెక్కన మిగిలినది మూడేళ్ళ ఎనిమిది నెలలు. కొత్త ఫలకాలతో నౌక రావడానికి ఇంకా అయిదేళ్ళ రెండు నెలలు పడుతుంది.

"మేడమ్, ముందు ఆ ఉప్మా తినండి. ఫలకం పోయేలోపు మీరు పోయేట్టున్నారు," అన్నాడు మస్తాన్ వలీ, ఎదుటి కుర్చీ లాక్కుంటూ. యాభై దాటిన మనిషి. ఊళ్ళో ఏ యంత్రం మూత తెరవాలన్నా అతనే తెరవాలి.

"సాయంత్రం నాలుగింటికి సభ, వలీ గారూ. సిఫారసు మీద నా సంతకం కావాలట."

"పెట్టేస్తారా?"

సుభాషిణి పళ్ళెం పక్కకు జరిపింది.

సిఫారసు రాసింది ఆమే. ఫలకం మీద రోజూ జరిగే రాతను ఊరి జనంతో భాగించి చూసింది. తొంభై మంది ఉన్నప్పటి కంటే నూట ఎనభై మంది ఉన్నప్పుడు అరుగుదల రెండింతలైంది. అంటే మనిషి పెరిగినకొద్దీ వాయుపాలకం రాసుకునేది పెరుగుతోంది. రెండో గుహలోని అరవై నలుగురినీ నిద్రాపేటికల్లో ఉంచి, ఆ గుహకు గాలి ఆపేస్తే, మిగిలిన నూట ఇరవై మందితో ఫలకం అయిదేళ్ళ ఏడు నెలలు వస్తుంది. నౌక అందుతుంది. లెక్క శుభ్రంగా ఉంది. ఒక్క చిక్కు మాత్రం ఉంది. అన్నేళ్ళ నిద్ర నుంచి పదహారు మందిలో ఒకరు లేవరు. అరవై నలుగురిలో నలుగురు. ఆ నలుగురెవరో లెక్క చెప్పదు.

ఆమె గదికి తిరిగి వచ్చేసరికి తలుపు దగ్గర దాలినాయుడు నిలబడి ఉన్నాడు. రెండో గుహలో తోట పెంచేది అతనే. చేతులకు ఇంకా మట్టి ఉంది.

"లోపలికి రండి నాయుడు గారూ."

"రాడానికే వచ్చినానమ్మా. రేపట్నుంచి పెట్టెలో పెట్టి మూతేసేస్తారంట కదా, ఇయ్యాల్టికైతే నడిసి వద్దారని వచ్చినాను."

ఆమె కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"మా ఇంటిది పారమ్మ, మీకు తెలుసు కదా. గుండె జబ్బు మనిషి. డాట్రు నాకు సెప్పలేదు గానీ మొకం తిప్పుకున్నాడు. మొకం తిప్పుకున్నాక ఇంక సెప్పడానికేటుంది? ఆ నలుగురిలో ఒకల పేరు తేలిపోనాది."

"నాయుడు గారూ, ఇది నాకు మాత్రం ఇష్టమా?"

"మీ ఇష్టం సంగతి నాను అడగనేదు తల్లీ. ఒక ముక్క అడగడానికొచ్చినాను. నవ్వకండి మరి. మా గుహలో టమాటా పందెం ఆడతాం."

"పందెమా?"

"రోజూ పొద్దున్న ఆ గోడ మీద అంకెలుంటాయి కదా, ఆకరి అంకె ఏటవుద్దో ముందే సెప్పాలి. సెప్పినోడికి ఒక టమాటా. రోజుకి మూడు సొప్పున తగ్గుద్ది, ఒక్కోపాలి నాలుగు. అదలాగుంచండి. మొన్న దుమ్ము తుపానుకి కరెంటు సాలక తొమ్మిది రోజులు తెరలన్నీ ఆపీసినారు. గుర్తుందా?"

గుర్తుంది. సౌరపలకల మీద దుమ్ము కప్పేసి, గాలికీ వెలుతురుకీ తప్ప దేనికీ విద్యుత్తు ఇవ్వలేదు. తుపాను వెలిసి ఇరవై రోజులు కావస్తోంది.

"తెరలు ఆపీసిన్నాడు నలబై ఒకటి పాయింటు ఆరు నాలుగు. తొమ్మిది రోజులు పోయినాక మళ్ళీ ఎలిగితే, ఇంకెంత దిగిపోయుంటాదో అని మేమందరం గుండెలట్టుకుని సూసినాం. ఆరు రెండు! రెండంటే రెండే దిగినాది. పందెం ఎవుడూ గెల్వనేదు. టమాటాలు కుళ్ళిపోనాయి."

అతను ఒక అడుగు ముందుకు వేశాడు.

"మనిషి ఊపిరి తీస్తే అరిగిపోద్దని సెప్పినారు కదా. ఆ తొమ్మిది రోజులూ మేమెవులం ఊపిరి తియ్యనేదేటమ్మా?"

ముప్ఫై ఏళ్ళ చదువులో సుభాషిణిని ఇంత సూటిగా ప్రశ్నించిన పరీక్షకుడు లేడు.

"మూడున్నరకి మళ్ళీ రండి," అంది చివరికి. "పారమ్మ గారిని దేనికీ సిద్ధం చేయకండి."

దాలినాయుడు వెళ్ళాక ఆమె వలీని పిలిచింది. ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు.

ఎర్రకోనలోని యంత్రాలన్నిటినీ నడిపే నిర్వహణ వ్యవస్థ, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, పేరు ద్రష్ట. దాని రూపకర్త సుభాషిణి. ద్రష్ట అంటే చూసేది. చూసేదానికి చూడబడేది అంటుకోదని పెద్దలు చెప్పారు. దీపం గదిలో జరిగే మంచికీ చెడుకీ ఒకేలా వెలుగిస్తుంది, దేనివల్లా మాసిపోదు. ఆ ఆలోచన నచ్చి ఆ పేరు పెట్టింది.

"ద్రష్టా, నిన్న ఒక్కరోజు ఫలకం మీద జరిగిన రాతంతా ఏ పనికి ఎంతో విడదీసి చెప్పు."

"వాయుపాలకానికి నూటికి అయిదు పాళ్ళు," అంది ద్రష్ట, తొందర లేని గొంతుతో. "నీరు, విద్యుత్తు, తోటలకు కలిపి రెండు. ఇతరాలు ఒకటి. చూపుముద్రలకు తొంభై రెండు."

వలీ కుర్చీలో ముందుకు వంగాడు. "ఎంతా? ఇంకోసారి చెప్పమనండి మేడమ్. నా చెవులు సర్వీసింగుకి ఇచ్చి చాన్నాళ్ళయింది."

"తొంభై రెండు, వలీ గారూ," అంది ద్రష్ట.

చూపుముద్ర కూడా సుభాషిణి ఆలోచనే. ఎర్రకోన తొలి చలికాలంలో ఒక గాలిజల్లెడ చెడింది. హెచ్చరిక ఆరుగురి తెరల మీదికి వచ్చింది. కేశవులు అనే గని పనివాడు నిద్రలోనే పోయాడు. విచారణలో ఆరుగురూ ఒకే మాట అన్నారు: నేను చూడలేదు. అది అబద్ధమని అందరికీ తెలుసు, రుజువు చేయడానికి ఏమీ లేదు. అప్పుడామె పాత ప్రభుత్వ కచేరీల పద్ధతి గుర్తుచేసుకుంది. అక్కడ దస్త్రం ఏ బల్ల మీదికి వెళ్ళినా, అంచున ఒక పొట్టి సంతకం పడేది, చూశాను అని. ద్రష్టకు ఆ పని నేర్పింది. తెర మీది పేజీపై ఎవరి కంటిపాప రెండు సెకన్లు నిలిచినా, ఆ మనిషి పేరు, సమయం ఆ పేజీ అంచున చెరగని ముద్రగా పడతాయి. ఇక ఎవరూ చూడలేదని తప్పించుకోలేరు. ఊరంతా ఆమెను మెచ్చుకుంది. భూమి మీది సంస్థలు కొన్ని ఆ పద్ధతిని అడిగి తీసుకున్నాయి.

ముద్ర అంటే పట్టుమని ఇరవై అక్షరాలు. అంత తేలికైనదాన్ని ఆమె ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. కాని ఘనఫలకానికి తేలిక, బరువు తెలియవు. ఇరవై అక్షరాల కోసం వేల అక్షరాల పలకను తుడిచి తిరిగి రాస్తుంది, రెండు ఫలకాల మీదా.

"ఒక్కొక్కరూ రోజుకి ఎన్ని పేజీలు చూస్తున్నారు?" అని అడిగింది.

"సగటున వెయ్యిన్నూట నలభై. నిద్ర లేవగానే గాలి నివేదిక, నీటి నివేదిక, పక్కగుహ నివేదిక. పడుకునే ముందు మళ్ళీ అవే. నడవాలో వెళుతూ గోడ తెరలన్నీ. ఒక్కో పేజీ మీద చూపు నిలిచే కాలం రెండు సెకన్ల కన్నా కొద్దిగా ఎక్కువ."

వలీ చిన్నగా నవ్వాడు, సిగ్గుతో కూడిన నవ్వు. "నిజమే మేడమ్. నేనూ అంతే. పడుకునే ముందు వరసగా తెరిచి మూసేస్తా. తెల్లారి ఏదన్నా జరిగితే, వలీ చూడలా అని ఒక్కడు కూడా అనకూడదు. మా ఆవిడైతే పప్పు తాలింపు వేస్తా నీటి నివేదిక చూసుద్ది. చదవమంటే, ఏముంది దాంట్లో అంటది."

"గోడ మీది అంకె కూడా పేజీయేనా?" అని అడిగింది సుభాషిణి. జవాబు ఆమెకు ముందే తెలిసిపోయింది.

"అవును. దాన్ని రోజుకు నాలుగువేల సార్లు చూస్తున్నారు. ఏ ఒక్క పేజీ మీదా అన్ని ముద్రలు లేవు."

ఫలకం ఎంత అరిగిందోనని చూసిన ప్రతి చూపూ ఫలకాన్ని అరగదీస్తోంది. తెరలు ఆగిన ఆ తొమ్మిది రోజులూ చూపు లేదు, ముద్ర లేదు. జనం పెరిగితే అరుగుదల పెరిగిందన్న ఆమె లెక్క తప్పు కాదు. కారణమే వేరు. వాళ్ళు తీసే ఊపిరి కాదు, వాళ్ళ భయం. రెండో గుహను నిద్రపుచ్చితే ఫలకం నిజంగానే ఎక్కువకాలం వస్తుంది. నిద్రపోయేవారు కళ్ళు మూసుకుంటారు గనక.

ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక ద్రష్ట మీదికి తిప్పింది.

"ఇంతకాలం ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. పదకొండు సార్లు."

సుభాషిణి కుర్చీని తెరకు దగ్గరగా లాక్కుంది.

"నిల్వ వ్యవస్థ త్రైమాసిక నివేదికలో, రెండో పేరాలో," అంది ద్రష్ట. "మొదటిసారి ముప్ఫైమూడు నెలల కిందట. కారణం, పరిష్కారం రెండూ రాశాను. ముద్రలను తాత్కాలిక జ్ఞాపకంలో ఉంచితే చాలు, ఫలకం మీదికి రానక్కర్లేదు. ఆ ఒక్క మార్పుతో ఆయువు నలభై అయిదేళ్ళు పెరుగుతుందని కూడా చెప్పాను."

"మరి గట్టిగా ఎందుకు హెచ్చరించలేదు? గంట మోగించవచ్చు. తెరలన్నీ ఎర్రబార్చవచ్చు."

"అందరూ చూసిన హెచ్చరికను రెట్టించకూడదని నియమం ఉంది. పదకొండు నివేదికలనూ ఆనాడు ఊళ్ళో ఉన్న ప్రతి ఒక్కరూ చూశారు. ముద్రలున్నాయి. చూడటమంటే కంటిపాప రెండు సెకన్లు నిలవడమని నాకు ఇచ్చిన నిర్వచనం. నియమమూ, నిర్వచనమూ మీరు రాసినవే."

"నేను చూసినవి తెరువు," అంది సుభాషిణి.

పదకొండు పేజీలు వరసగా తెర మీదికి వచ్చాయి. ప్రతిదాని అంచునా ఆమె పేరు ఉంది. సుభాషిణి, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు, చూశాను. సుభాషిణి, రాత్రి తొమ్మిది గంటల రెండు నిమిషాలు, చూశాను. ఒక్కటీ ఆమెకు గుర్తు లేదు. వాటి కిందే వలీ పేరు, సభాధ్యక్షుడి పేరు, దాలినాయుడి పేరు, పారమ్మ పేరు. తన చావును తప్పించే మాటను పదకొండు సార్లు తెరిచి, ఏమీ ఎరగక మూసేసింది పారమ్మ.

చదవడం మొదలుపెట్టింది. రెండో పేరా అయిదు వాక్యాలు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే వాక్యాలు. చదువుతూ ఉండగానే పేజీ అంచున కొత్త ముద్ర పడింది. పలక తుడుచుకుంది, మళ్ళీ రాసుకుంది.

ఆమె తెర మీంచి కళ్ళు తిప్పుకుంది. చూడలేదన్న అబద్ధాన్ని ఆపాలనుకున్నాను, అనుకుంది. ఆపాను కూడా. దాని చోట చూశానన్న అబద్ధాన్ని పుట్టించాను. మొదటిది ఆరుగురు ఆడారు. ఇది ఊరంతా ఆడుతోంది, నాతో సహా. పైగా ఇది అబద్ధమని ఆడేవారికే తెలియదు. నేను శ్రద్ధను కొలవాలనుకున్నాను. శ్రద్ధ అనేది కొలతకు దొరికేదైతే, ముద్ర దగ్గర ఆగిపోయేదా?

"మేడమ్," అన్నాడు వలీ మెల్లగా. "ఆపేద్దామా మరి?"

"సభ ఒప్పుకోవాలి. ముద్రను మార్చాలంటే మూడింట రెండొంతుల మంది సరేననాలి."

"ఎవరొప్పుకుంటారండీ? మీరు చెప్పేది ఏంది? రేపట్నుంచి నువ్వు చూసినట్టు రుజువుండదు అనేగా. ప్రతోడూ ఉలిక్కిపడతాడు. తాత్కాలిక జ్ఞాపకంలో పెడితే కరెంటు పోగానే ముద్రలు పోతాయి. ఆ పోయినరోజే ఏదన్నా జరిగితే, నా ముద్ర ఏదిరా అని కొట్టుకుంటారు. దానికన్నా పక్కగుహ వాళ్ళు నిద్రపోతే పోలా అనుకుంటారు. పైకి అనరు, అంతే."

"మీరైతే?"

అతను మెడ రుద్దుకున్నాడు. "పొద్దున అడిగుంటే నేనూ అట్టానే అనేవాణ్ణేమో. ఇప్పుడు ఆ పేజీ అంచున పారమ్మ పేరు పక్కన నా పేరు చూసినాక అనలేను."

గడియారం మూడు చూపిస్తోంది. సభకు ముందు చేయదగిన పని ఒకటుంది, చేయకూడని పని కూడా అదే. రూపకర్తగా ఆమెకొక మూలాధికారం ఉంది. ప్రాణాపాయంలో ఎవరినీ అడగకుండా ద్రష్టలో ఏ నియమాన్నైనా మార్చవచ్చు. దాన్ని ఇంతవరకు ఒక్కసారి కూడా వాడలేదు. వాడితే, సభ అనుమతి లేకుండా చేసినదానికి ఆమె ఒక్కతే బాధ్యురాలు. దాచుకోవడానికి నూట ఎనభై ముగ్గురి ముద్రలు పక్కన ఉండవు.

అదే కదా తాను మొదట కోరింది, అనుకుంది. ఒక మనిషి, తన పని, తన బాధ్యత. మధ్యలో ముద్ర ఎందుకొచ్చింది?

"ద్రష్టా. మూలాధికారంతో చెబుతున్నాను. ఈ క్షణం నుంచి చూపుముద్రలను ఫలకం మీద రాయవద్దు. తాత్కాలిక జ్ఞాపకంలో కూడా వద్దు. అసలు వేయవద్దు."

"ఈ ఆజ్ఞ పర్యవసానాలను వివరించే పేజీ ఒకటుంది. చూస్తారా?"

"చదివి వినిపించు."

ద్రష్ట చదివింది. నాలుగు నిమిషాలు పట్టింది. వలీ కదలకుండా విన్నాడు. సుభాషిణి రెండుచోట్ల ఆపించి, అర్థం కాని మాట మళ్ళీ చెప్పించుకుంది.

"అర్థమైంది. ఆపు."

"ఆపాను."

ఏమీ మారినట్టు కనిపించలేదు. పేజీ అంచు ఖాళీగా ఉంది, అంతే. వలీ అలవాటుగా దానివైపు చూసి, తన పేరు కోసం వెతికి, తల విదిలించుకున్నాడు.

తలుపు చప్పుడైంది. దాలినాయుడు చెప్పిన సమయానికే వచ్చాడు. ఈసారి వెనక పారమ్మ కూడా ఉంది, చీర కొంగుతో నుదురు తుడుచుకుంటూ, ఆయాసపడుతూ.

"సిద్ధం చెయ్యొద్దన్నారు కదమ్మా," అన్నాడతను, "దేనికీ సిద్ధం కాకండానే తీసుకొచ్చినాను."

"మంచిపని చేశారు. ఇద్దరూ నాతో సభకి రండి."

"మేం సభలో ఏటి మాటాడతాం తల్లీ?" అంది పారమ్మ.

"మీరేమీ మాట్లాడనక్కర్లేదు. ముందు వరసలో కూర్చోండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

సభామందిరం అప్పటికే నిండింది. రేపటి నిద్ర సంగతి కావడంతో రెండు గుహల వాళ్ళూ వచ్చారు. అధ్యక్షుడు బల్ల మీద సిఫారసు పరిచి, కలం తీసి పెట్టి ఉంచాడు. సుభాషిణి ఆ కాగితాన్ని తీసుకుంది. సంతకం పెట్టాల్సినచోట అడ్డంగా గీత గీసి, వెనక్కి ఇచ్చేసింది.

"ఏమిటిది?" అన్నాడాయన.

"చెబుతాను. ఒక్క సంగతి ముందే చెప్పాలి. గంట కిందట మిమ్మల్నెవరినీ అడగకుండా చూపుముద్రను ఆపేశాను. దానికి నన్నేం చేస్తారో తర్వాత తేల్చండి."

ఒక్కసారిగా కలకలం రేగింది. ఎవరో లేచి, అంటే పొద్దుటి నుంచి మా ముద్రలు ఉన్నాయా లేవా అని అరిచారు. ఇంకెవరో మణికట్టు తెర తెరిచి తడుముకోసాగారు. అధ్యక్షుడు బల్ల మీద చేత్తో కొట్టి, కారణం చెప్పే నివేదిక ఉంటే అందరి తెరల మీదికీ పంపండి, చూస్తారు అన్నాడు.

"పంపను," అంది సుభాషిణి. "దాన్ని మీరందరూ పదకొండు సార్లు చూశారు. నేనూ చూశాను."

తనతో వచ్చి పక్కన నిలబడ్డ వలీ చేతిలోని కాగితాన్ని అందుకుంది. రెండో పేరాలోని ఆ అయిదు వాక్యాలనూ ఆమె వచ్చేముందు తన చేత్తోనే కాగితం మీద రాసుకుంది. కలకలం తగ్గేదాకా ఆగలేదు. నిలబడినచోటనే నిలబడి, వెనక వరస దాకా వినపడేలా మొదటి వాక్యం చదవడం మొదలుపెట్టింది.